గాజుల చెయ్యి

బస్సుల్లో జేబులు కొట్టడం గిట్టుబాటు కావడం లేదని అతను వృత్తి మార్చాడు. జనం డబ్బంతా ఫోన్లలోనే పెట్టుకుంటున్నారు. జేబుల్లో దువ్వెనలు తప్ప ఏమీ తగలడం లేదు.

సలహా బావది. బావకి నగల కొట్టుంది. సరుకు ఎవరిదని అడక్కుండా కొంటాడు.

"ఆస్పత్రుల్లో రోగి తరఫున మాట్లాడే మనుషులుంటార్రా బామ్మర్దీ. ఆపరేషన్‌కి ముందు ఒంటిమీద నగలన్నీ తీయిస్తారు. తోడు లేనివాళ్ళవి నువ్వు దాచిపెడుదువుగాని" అన్నాడు.

ఇస్త్రీ చొక్కా వేశాడు, మెళ్ళో ఓ కార్డు తగిలించాడు. ఏడాది తిరిగేసరికి వార్డుల్లో అందరూ సార్ అంటున్నారు. పనిలో ఒకటే చికాకు. నమ్మకం కుదరాలంటే రోగి తరఫున నిజంగానే మాట్లాడాలి. మొహాలు అతనికి గుర్తుండవు. అతను చూసేది మెడలు, చెవులు, చేతులు.

ఆ రోజు మోకాళ్ళ వార్డులో ఎవరితోనో మాట్లాడుతుంటే, పక్క మంచం మీది ముసలావిడ చెయ్యి ఊపి పిలిచింది. చేతినిండా గాజులు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"తోడెవరూ రాలేదా అమ్మమ్మా?"

"నువ్వొచ్చావుగా నాయనా. నొప్పి నాకు ఎడమ కాలికి. వాళ్ళేమో కుడి మోకాలి మీద గుర్తు పెట్టి పోయారు. చెప్తే, కంగారుపడక పడుకో మామ్మా అంటున్నారు." ఆమెకి నిజంగానే భయంగా ఉంది. ఎడమ మోకాలు పదే పదే తట్టి చూపిస్తోంది. గాజులు గలగలమంటున్నాయి.

ఆ చప్పుడు విని అతను డాక్టరు దగ్గరికి నడిచాడు. డాక్టరు విసుక్కున్నాడు. అతను కదల్లేదు. ఎక్స్‌రే తెప్పించేదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. డాక్టరు ఎక్స్‌రే చూశాడు, కాలు చూశాడు, నుదుటి చెమట తుడుచుకున్నాడు. నర్సు వచ్చి కుడి మోకాలి మీది గుర్తు చెరిపి ఎడమ మోకాలి మీద పెట్టింది.

ముసలావిడ గాజులు తీసి, రుమాల్లో మూటకట్టి అతని చేతిలో పెట్టింది. "జాగ్రత్త నాయనా" అంది. ఆమెని లోపలికి తీసుకెళ్ళగానే అతను మెట్లు దిగాడు.

బావ గాజుల్ని రాయి మీద గీటి చూసి వెనక్కి తోశాడు. "గిల్టురా. టీ నీళ్ళకి కూడా రావు."

అతనికి ఒళ్ళు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత కష్టపడి పనిచేసింది లేదు. కడిగేద్దామని మర్నాడు వార్డుకి వెళ్ళాడు. ముసలావిడ ఎడమ కాలికి కట్టుతో, దిండుకి ఆనుకుని కూర్చునుంది.

"పెద్దదానివి, ఇలా మోసం చెయ్యొచ్చా?" అన్నాడు, మూట మంచం మీద పడేసి.

ఆమె గాజులు ఒక్కొక్కటే చేతికి ఎక్కించుకుంది.

"పోయినసారి కంటి ఆపరేషన్‌కి వచ్చినప్పుడు నువ్వు పట్టుకుపోయిన గొలుసు అసలు బంగారమే నాయనా. అప్పుడు చూపు ఆనకపోయినా నీ గొంతు గుర్తుంది. నాకు పడని మందు ఎక్కించబోతుంటే ఆపిందీ ఆ గొంతేగా. అందుకే ఈసారి నిన్ను రప్పించడానికి ఇవి వేసుకొచ్చా. రేపు కట్టు మారుస్తారట, గిల్టు గొలుసు కూడా తెప్పించమంటావా, ఊరికే వస్తావా?"