టోబీ గొంతు

“ఇది దొంగ సరుకు! గొంతులు మార్చేశారు!” ఫోన్లో అరిచాడు కర్ట్.

అవతల పాత డిస్కుల కొట్టు గస్ కూడా తగ్గలేదు. “ఏంటయ్యా పొద్దున్నే నీ గోల? నలభై ఏళ్ల కిందటి కార్టూనుకి ఇప్పుడు గొంతులు మార్చే పనీపాటా లేనివాడెవడు?”

“అసలు కార్టూను ‘షెరిఫ్ పిప్కిన్’ జోలికి నేను రావట్లేదు. దాని తోక పట్టుకుని వచ్చిందే, ‘పిప్కిన్ పిల్లగ్యాంగు’, దాని సంగతి చెబుతున్నా. అందులో బుల్లి నక్క టోబీ ముక్కుతో మాట్లాడతాడు. వీడెవడో పీపాలోంచి మాట్లాడుతున్నాడు!”

“ఆ పిల్లగ్యాంగు ఒక్క ఏడాది ఆడి అటకెక్కింది. దాన్ని ఇంకా తలుచుకునేది దేశం మొత్తమ్మీద నువ్వొక్కడివే. ఉన్నది ఆ గొంతే బాబూ, ఇంకోటి లేదు. పెట్టేయ్.”

కర్ట్ ఫోను విసిరికొట్టాడు. సోఫాలో దుప్పటి కప్పుకుని అక్క డోరీన్ కూర్చుని ఉంది. గొంతులో కాన్సరుకు ఆపరేషన్ అయి రెండు నెలలు. మాట పోయింది, ఇక రాదన్నారు. మెడకు రుమాలు, ఒళ్లో పలక. ఆ రోజు నుంచి ఆవిడ మొహంలో నవ్వన్నది లేదు. ఒక్కసారి నవ్వించాలని, పాపం, తమ్ముడు ఒహాయో అంతా గాలించి ఆ డిస్కు పట్టుకొచ్చాడు. చిన్నప్పటిలాగే శనివారం పొద్దున్నే పెట్టాడు.

“నువ్వే చెప్పక్కా, ఇదా టోబీ గొంతు?”

‘బాగానే ఉంది. కూర్చో’ అని రాసి చూపించింది.

“ఏం బాగు, నా మొహం! నేను టీవీకి ముక్కు ఆనించి కూర్చునేవాణ్ని, నువ్వు నా వెనకాలే. మిల్లులో రాత్రి డ్యూటీ చేసొచ్చి నాన్న పక్కగదిలో పడుకునేవాడు. చెంచా చప్పుడైతే లేచి బెల్టు తీస్తాడని కార్న్‌ఫ్లేక్స్‌లో పాలు కూడా పోసుకోకుండా చేత్తో బొక్కేవాళ్లం. ఇన్ని గుర్తున్నవాడికి ఆ గొంతు గుర్తుండదా?”

డోరీన్ కళ్లు దించుకుంది.

“అమ్మ పోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ గొంతేనక్కా. ‘భయపడకురా బుజ్జీ, నేనున్నాగా’ అనేవాడు టోబీ, ప్రతి వారం కథ చివర్లో. అచ్చం నాతోనే అన్నట్టుండేది. ఒక్కసారి వినాలక్కా. ఎక్కడున్నా వెతికి తెస్తాను. దొరక్కపోదు.” కర్ట్ ఏడుస్తున్నాడు, యాభై ఏళ్లు మీద పడుతున్న మనిషి.

డోరీన్ పలక తుడిచింది. రాసింది, చెరిపేసింది, మళ్లీ రాసింది. తమ్ముడి వైపు తిప్పింది.

‘నాన్న లేస్తాడని ఆ టీవీకి సౌండు ఎప్పుడూ పెట్టలేదురా బుజ్జీ. ఆ మాటలన్నీ నీ చెవిలో నేనే అనేదాన్ని.’