తిరుగు జవాబు

"మేడం, నేను 'వద్దు' పక్క మాట్లాడత."

సుచిత్ర చెయ్యెత్తగానే భవిత ఊపిరి పీల్చుకుంది. ఆ పక్కకు ఎవరూ రారేమోనని అప్పటిదాకా బెంగపడింది మరి.

శామీర్‌పేటలో లా చదువుతున్న భవిత శనివారం శనివారం గౌడవెల్లి బడికొచ్చి పదో తరగతి పిల్లలకు వాదించడం నేర్పుతోంది. చెప్పేవాళ్ల మీద నమ్మకం కుదరాలి, మాటలో తర్కం ఉండాలి, అది ఎదుటివాళ్ల మనసును తాకాలి. ఆర్నెల్లుగా ఈ మూడే చెబుతోంది. ఇవాళ ఆఖరి క్లాసు. పది తర్వాత ఆడపిల్లలు కాలేజీకి వెళ్లాలా, వద్దా అని పోటీ పెట్టింది.

"నాకెదురు ఇషితను పెట్టుండ్రి మేడం," అంది సుచిత్ర.

ఇషిత నిరుడు మండలం వక్తృత్వ పోటీల్లో మొదటి బహుమతి తెచ్చిన పిల్ల. సుచిత్ర ధైర్యం భవితకు నచ్చింది.

ఇషిత బాగానే మొదలుపెట్టింది. "సదువుకుంటే నౌకరి వస్తది. ఇంటికే ఆసరా."

"ఎప్పుడొస్తది? ఐదేండ్లకు. తల్లి నడుము ఇయ్యాలనే నొస్తాంది. ఆమె కంపెనీకి పోతే ఇంట్ల సిన్నోనికి బువ్వెవరు పెట్టాలె?"

"కాలేజీకెళ్లి వచ్చినంక చెయ్యొచ్చు గద?"

"బస్సు రాకుంటే? ఆడపిల్ల ఇల్లు జేరేదాక కన్నోళ్ల పానం కొట్టుకుంటది. గా భయానికి నీ తాన మందుందా?"

ఇషిత తన చోట కూర్చుంది. క్లాసంతా చప్పట్లు.

సుచిత్ర మాత్రం కూర్చోలేదు. "ఇంకేం లేదా ఇషితా? యాది చేసుకో."

ఇషిత తల అడ్డంగా ఊపింది. సుచిత్ర భవిత వైపు తిరిగింది.

"మీరన్న చెప్పుండ్రి మేడం. దీనికి తిరుగు జవాబు లేదా?"

గెలిచాక కూడా ఇంత పట్టుదలా అని భవితకు ముచ్చటేసింది. జవాబులు లేకేం, నాలుగైదు తోచాయి. ఆఖరి రోజు పిల్ల సంతోషం పాడుచేయడమెందుకని ఊరుకుంది.

"లేదు సుచిత్రా. నువ్వే గెలిచావ్."

సుచిత్ర మెల్లగా కూర్చుంది. బహుమతి పెన్ను అందుకోవడానికి ఆమెను రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

జూన్‌లో మేడ్చల్ బస్టాండులో భవితకు వినోద కనబడింది. బళ్లో సుచిత్ర పక్కన కూర్చునే పిల్ల. భుజాన కాలేజీ సంచి ఉంది.

"సుచిత్ర ఏది? ఏ కాలేజీ?"

"ఇంట్లనే ఉంటాంది మేడం. వాళ్ల నాయిన వద్దన్నడు."

భవిత నమ్మలేకపోయింది. "అంత బాగా మాట్లాడుతుంది కదా! నాయినను ఒప్పించలేకపోయిందా?"

వినోద సంచిని భుజం మీదికి లాక్కుంది.

"గా రోజు పోటీల ఆమె చెప్పినయన్నీ వాళ్ల నాయిన మాటలే మేడం."