మూతపడ్డ స్టాఫ్ రూము

యూనివర్సిటీ ఉద్యోగుల మధ్య మాటామంతీ కరువైందని, ఏనాడో మూసేసిన స్టాఫ్ రూమును మళ్లీ తెరిపించాలని రిజిస్ట్రారమ్మ పట్టుబట్టింది. గుమస్తాగా చేరిన కొత్తలో ఆవిడ కడుపుబ్బ నవ్వింది అక్కడే. తెల్లారితే పనివాళ్లు వస్తారనగా, చీకటి పడ్డాక ఒక్కతే చూడబోయింది.

తాళంచెవి పెట్టగానే లోపల క్యారమ్స్ కాయలు టకటకలాడాయి. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏం బుజ్జమ్మా, ఇంత ఆలస్యమా? నీ వంతు వచ్చేసింది!"

అది పాత సూపరింటెండెంటు గారి గొంతు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

కాళ్లు వెనక్కి లాగుతున్నాయి. కానీ ఆ పేరుతో తనను పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

"వస్తున్నా సార్," అంటూ తాళం తీసింది.

చీకట్లో కుర్చీలు కిర్రుమంటూ జరిగి ఆవిడకు చోటిచ్చాయి.