ముక్కుగారి తీర్పు

"జెర్రా! సీసాలో జెర్రి పడిందా?" అత్తగారు ట్రేతో సహా గుమ్మంలోనే ఆగిపోయారు.

"జెర్రి కాదే, షెర్రీ! షెర్రీ అనే ద్రాక్షసారా పోసిన పీపాలో నలభై ఏళ్లు ఊరిన స్కాచ్ విస్కీ. వీధి చివర దొరికే సరుకనుకున్నావా?" కసిరారు మామగారు. "నా చేతులసలే వణుకుతాయి. వంటింట్లో నువ్వే బిరడా తీసి, గ్లాసుల్లో పోసి పట్రా."

అల్లుడి గుండె జారి సోఫా కిందికి దొర్లింది. ఆ స్కాచిని గుక్కా గుక్కా అతను ఏనాడో ఖాళీ చేసేశాడు. వాసనతోనే విస్కీ జాతకం చెప్పేస్తారని ఊళ్లో పేరుపడ్డ ముక్కుగారు రుచి చూడ్డానికి వస్తున్నారని తెలిసి, కిందటి వారమే వీధి చివర సరుకుతో సీసా నింపాడు. రంగుకి మాడ్చిన చక్కెర, ఘాటుకి లవంగాలు, షెర్రీ తీపికి గుప్పెడు ఎండుద్రాక్షలు. ఆ ద్రాక్షలు దగ్గుకని చెప్పి అత్తగారి దగ్గరే పట్టుకెళ్లాడు. సన్నగా లోపలికి దూరిన ద్రాక్షలు తాగి తాగి బలిసి, ఇక బయటికి రామని భీష్మించాయి, అచ్చం ఇల్లరికం అల్లుళ్లలా. సీసా నల్లది కాబట్టి బతికిపోయాడు.

మామగారి జేబులో కొత్త ఫర్నిచర్ షోరూం తాళాలు గలగలమంటున్నాయి. ముక్కుగారు 'ఆహా' అనగానే ఆ సంబరంలో అవి అల్లుడి చేతికి. మోసం బయటపడితే తాళాలు బావమరిదికి, అల్లుడు వీధికి.

వంటింట్లోంచి రావడానికి అత్తగారికి చాలాసేపే పట్టింది.

ముక్కుగారు విస్కీ తాగరు, విచారణ చేస్తారు. గ్లాసు తిప్పారు. ముక్కుతూ ఒకసారి, మూలుగుతూ ఒకసారి వాసన పీల్చారు.

"ఎలా ఉందంటారు?" అన్నారు మామగారు.

"తొందరెందుకండీ? ఒక్క సిప్పు చాలు, సీసా చరిత్రంతా చెప్పేస్తాను."

అల్లుడు చెమట తుడుచుకున్నాడు.

"ఏం అల్లుడూ, తాగకముందే తడిసిపోయావు?"

"ఎండుద్రాక్ష..." అన్నారు ముక్కుగారు. అల్లుడు సోఫా చెయ్యి పట్టుకున్నాడు. "లవంగం... మాడిన చక్కెర..." ముక్కుగారు కళ్లు తెరిచారు. అల్లుడు మూసుకున్నాడు. "అద్భుతం! అసలైన షెర్రీ పీపా తప్ప ఇంకేదీ ఇవ్వలేని రుచులండీ ఇవి!"

అల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

"ఆగండాగండి, అడుగున ఇంకోటుంది. తోలు! బాగా అరిగిన పాత తోలు. నకిలీ సరుకులో తలకిందులుగా తపస్సు చేసినా ఇది రాదు."

'తోలు నేను వేయలేదే!' అనుకున్నాడు అల్లుడు. అయినా తందాన పాడాడు. "అవునవును, నాకూ తగుల్తోంది మామయ్యగారూ, నాలిక చివర."

"నాకు మొదటి గుక్కకే తగిలింది. రాజుల రుచయ్యా ఇది!" మామగారు గ్లాసు నాకినంత పని చేసి, తాళాలు తీసి అల్లుడి అరచేతి మీదికి వంచారు.

"మన్నించాలి అన్నయ్యగారూ," అత్తగారు నొచ్చుకుంటూ ముక్కుగారి ముందుకొచ్చారు. "మొన్న అల్మరా దులుపుతుంటే బిరడా పొడిపొడిగా రాలిపోయింది. వేరేది దొరక్క, ఈయన పాత చెప్పు మడమ కోసి బిగించి, సీసా పడుకోబెట్టాను. తోలు వాసన అదే."

ముక్కుగారి గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. అత్తగారు ఉబ్బిన ఎండుద్రాక్షల సాసరు బల్ల మీద పెట్టి, అల్లుడి వైపు తిరిగారు.

"ఇప్పుడు పోస్తుంటే సీసా మెడకి అడ్డంపడ్డాయి, తలపిన్నుతో లాగాను. ఇవి దగ్గుకని నా దగ్గర పట్టుకెళ్లినవేగా, అల్లుడుగారూ? తగ్గిందా దగ్గు?"