ఏడాదికి ఒక్క ఉత్తరం

"చూసి రాసింది మేడమ్, సందేహమే లేదు" అంటూ లెక్కలక్క ఆ జవాబు పత్రాన్ని హెడ్‌మిస్ట్రెస్ గారి బల్ల మీద పెట్టింది. "పద్నాలుగు మార్కుల పిల్లకి మూడు నెలల్లో డెబ్బై రెండా? చెబితే నవ్విపోతారు."

ఆ బడిలో ఆఖరి ఏడాది, అంటే పన్నెండో తరగతి, చదివేవాళ్లు తలా ఒక నాలుగో తరగతి పిల్లను తీసుకుని, సాయంత్రం బెల్లు కొట్టాక గంటసేపు లెక్కలు చెప్పాలి. మూడు నెలల తర్వాత ఎవరి పిల్ల ఎక్కువ మెరుగైతే వాళ్ల పేరు మీద హెడ్‌మిస్ట్రెస్ గారు టీచర్ల కాలేజీకి ఉత్తరం రాస్తారు. ఉత్తరం ఉంటే ప్రవేశపరీక్ష లేకుండానే సీటు. ఏడాదికి ఒక్కటే ఉత్తరం. అది తనదేనని లెక్కలక్క మొదటిరోజే తేల్చేసుకుంది. ఆమె పిల్ల, పిడుగు అని పిలుస్తారు, నలభై నుంచి అరవై ఎనిమిదికి వచ్చింది. ఇంకేం కావాలి?

తీరా మార్కుల కాగితం గోడకెక్కాక చూస్తే తన తరగతిలోనే ఉన్న నవ్వులక్క పిల్ల, అందరూ నత్త అని పిలిచేది, ముందుంది. మూడు రోజులుగా లెక్కలక్కకి అన్నం సహించడం లేదు. నవ్వులక్క ఏం నేర్పిందని? ఎప్పుడు చూసినా ఆ పిల్లతో వరండాలో కబుర్లు, కిచకిచలు. తను గొంతు పోయేలా చెబుతుంటే ఆవిడ నవ్వుతూ కూర్చుని సీటు కొట్టేస్తుందా?

ఆ నవ్వులక్క ఇప్పుడు తలుపు పక్కనే నిలబడి ఉంది. నత్త ఆమె చేయి పట్టుకుని నేల చూస్తోంది.

"ఇదిగో చూడండి మేడమ్." లెక్కలక్క వేలు పెట్టి చూపించింది. "భాగహారంలో శేషంగా మిగిలిన ప్రతి అంకె చుట్టూ చిన్న ఇల్లు గీసి ఉంది. ఇంట్లో పెట్టి, పక్క అంకెని పిలుచుకురావాలి. అది నా సొంత పద్ధతి. పిడుగుకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. పరీక్షలో పిడుగు దీని ముందు బెంచీలోనే కూర్చుంది."

"పిడుగుకి వచ్చినవి అరవై ఎనిమిదే కదా" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "చూసి రాసినదానికి అంతకన్నా ఎక్కువెలా వచ్చాయి?"

"గాలివాటంగా వచ్చుంటాయి. అసలు దీనికి బుర్రే లేదు మేడమ్. పుట్టుకే అంత."

హెడ్‌మిస్ట్రెస్ గారు సొరుగు లాగి మూడు పేజీల వ్యాసం ఒకటి బయటికి తీశారు. పిల్లలకి చెప్పిన ప్రతి ఒక్కరూ తమ అనుభవం రాసివ్వాలి. అందరిలోకీ బాగా రాసింది లెక్కలక్కే. హెడ్‌మిస్ట్రెస్ గారు అందులో మొదటి వాక్యం పైకి చదివారు. "బుర్ర పుట్టుకతో వచ్చి అక్కడే ఆగిపోయేది కాదు, వాడేకొద్దీ పెరిగేది."

"అది మామూలు పిల్లల గురించి" అని గొణిగింది లెక్కలక్క.

హెడ్‌మిస్ట్రెస్ గారు నత్తని పిలిచి సుద్దముక్క ఇచ్చారు. తొమ్మిది వందల యాభై రెండుని ఏడుతో భాగించమన్నారు. నత్త బోర్డు దగ్గర చాలాసేపు నిలబడింది. లెక్కలక్క ముఖంలో వెలుగు వచ్చింది. అంతలో నత్త చిన్న ఇల్లు గీసి రెండు పెట్టింది. ఇంకో ఇల్లు గీసి నాలుగు పెట్టింది. చివరికి నూట ముప్పై ఆరు అని రాసి, సుద్ద చేతులు గౌనుకి తుడుచుకుంది.

"ఈ ఇళ్లు నువ్వు నేర్పావా?" నవ్వులక్కని అడిగారు.

"లేదు మేడమ్." ఆమె దాచుకోలేదు. "లెక్కలంటే ఈ పిల్లకి ఏడుపొచ్చేది. ఆ భయం పోయేదాకా కబుర్లు చెప్పానంతే. భాగహారం దగ్గర నేను మొదటివారమే చేతులెత్తేశాను."

"విన్నారుగా మేడమ్" అంది లెక్కలక్క.

"మరెవరే నేర్పింది?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు నత్తని అడిగారు.

"పిడుగు" అంది నత్త. "మధ్యాహ్నం అన్నం తిన్నాక, మెట్ల మీద."

పిడుగుని తరగతి గదిలోంచి పిలిపించారు. వస్తూనే అందరి ముఖాలూ చూసి బెదిరింది.

"అక్క చెప్పింది మర్చిపోకుండా రోజూ దీనికి చెప్పేదాన్ని మేడమ్. తప్పా?"

"తప్పు కాదు. ఈ పిల్లకి లెక్కలు రావని బడంతా అంటుంటే నువ్వెందుకు చెప్పావు?"

"రావని నాతో ఎవరూ అనలేదు మేడమ్. రెండోసారి చెబితే కొంచెం వచ్చింది. పదోసారికి నాకంటే బాగా వచ్చింది. ఇప్పుడు నాకు డౌటొస్తే ఇదే చెబుతుంది."

నత్త సిగ్గుపడుతూ నవ్వింది. లెక్కలక్కకి మాత్రం నెత్తిన పాలు పోసినట్టయింది. నవ్వులక్క నేర్పలేదని తేలిపోయింది. పద్ధతి తనది, మాట తనది, ఇల్లు తనది.

"మేడమ్, రూలు మీరే పెట్టారు" అంది గొంతు సవరించుకుని. "ఎక్కువ మెరుగైన పిల్లకి ఎవరు నేర్పితే వాళ్లకే ఉత్తరం. నేర్పనివాళ్లకి ఇవ్వకూడదు."

"ఇవ్వకూడదు" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "నువ్వేమంటావమ్మా?"

"న్యాయమే మేడమ్" అంది నవ్వులక్క. గొంతు కాస్త వణికింది. ఆ వణుకు వినగానే లెక్కలక్కకి మూడు రోజుల మంట చల్లారింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు బడి పేరున్న కాగితం తీసి, నాలుగు వాక్యాలు రాసి, కింద సంతకం చేసి ముద్ర వేశారు. తేదీ దగ్గర మాత్రం ఏమీ రాయలేదు. కవరులో పెట్టి అంటించారు. లెక్కలక్క రెండు చేతులూ చాపింది.

ఆవిడ ఆ చేతులు దాటి వెళ్లి, కవరు పిడుగుకిచ్చారు. "ఇంకో ఎనిమిదేళ్లు పారేసుకోకుండా దాచుకోవే."