షేర్కో తిన్న తిట్లు

"నిన్న రాత్రి నేనొక కల చూశాను" అని బోర్డు మీద ఇంగ్లీషులో రాసింది నాజ్దార్.

సత్యవాణికి ఒళ్లు మండింది. వారమంతా ఆఫీసు చాకిరీ చాలనట్టు, శనివారాలు ఐర్లండ్‌లోని ఈ డ్రోహెడా ఊరి లైబ్రరీలో కుర్దు శరణార్థులకి ఇంగ్లీష్ చెప్పే పని నెత్తికెత్తుకుంది మరి.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఇంగ్లీషులో కలని చూడరు. 'హ్యాడ్ ఎ డ్రీమ్' అంటారు. మీ భాషలోంచి మాటకి మాట దింపేస్తే ఎలా?"

నాజ్దార్ గబగబా ఆ వాక్యం చెరిపేసింది. మూడు వారాల్లో ఆమెకి ఇంగ్లీష్ మాట్లాడే పరీక్ష. అది గట్టెక్కితేనే వృద్ధాశ్రమంలో ఉద్యోగం.

వెనక బెంచీలోంచి షేర్కో లేచాడు. యాభై దాటిన మనిషి.

"టీచర్, ఒట్టు తిని చెబుతున్నా. ఆ కల నేనూ చూశాను!"

క్లాసంతా గొల్లుమంది. నాజ్దార్ కూడా నవ్వేసింది.

"ఒట్టు తినడమేంటి, నా ఖర్మ! మా తెలుగులో తిట్లు తింటాం, తన్నులు తింటాం. ఒట్టెవరైనా తింటారా?"

"మా కుర్దుల్లో తింటాం టీచర్. మీరు తిట్టండి, అవీ తింటాను."

ప్రతివారం ఇదే తంతు. ఎవరో తప్పు రాయడం, తను కసరడం, అంతలోనే ఈయన అంతకన్నా పెద్ద తప్పుతో లేవడం!

క్లాసయ్యాక షేర్కోని పక్కకి పిలిచింది.

"మీ వల్ల మిగతావాళ్లూ పాడైపోతున్నారండీ. నాజ్దార్ పరీక్ష అయ్యేదాకా మీరు రావద్దు."

షేర్కో ఒకసారి నాజ్దార్ వైపు చూశాడు.

"గ్రాండ్, టీచర్" అన్నాడు, 'సరే' అనడానికి ఇక్కడి ఐరిష్‌వాళ్లు వాడే మాటే, అచ్చం వాళ్లలాగే.

పరీక్ష జరిగాక వచ్చిన శనివారం, క్లాసుకి ముందే నాజ్దార్ ఒక్కతే వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పరీక్ష ఏమైంది?"

"పోయింది టీచర్. తప్పొస్తుందేమోనని నోరు పెగల్లేదు."

"అదేంటి? ఇదివరకు క్లాసులో బాగానే మాట్లాడేదానివిగా!"

"అప్పుడు షేర్కో సార్ ఉండేవారు."

సత్యవాణికి చిరాకెత్తింది. "సరే, ధైర్యంగా ఉంటుందంటే ఆయన్నీ రమ్మను."

"లేరు టీచర్. నిన్ననే అధికారులు ఆయన్ని వేరే శరణార్థుల హాస్టల్‌కి మార్చేశారు. ఎక్కడో దూరంగా కిల్కెన్నీ అనే ఊరికి పంపించేశారు."

"అయినా నీకన్నా ఘోరంగా మాట్లాడేవాడు కదమ్మా ఆయన! ఆయనుంటే నీకు ఒరిగేదేంటి?"

నాజ్దార్ తల అడ్డంగా ఊపింది.

"ఆయన మా ఊరి కాలేజీలో ఇంగ్లీష్ లెక్చరర్, టీచర్. నా వంతు తిట్లు తినడానికే ఇక్కడికి వచ్చేవారు."