పైలట్ గారి నాన్న

పైలట్ ఉద్యోగం వచ్చిందని మా అమ్మాయి ఫోన్ చేసిన రోజు, మిషన్ మీద కుడుతున్న చొక్కాకి కాలరు తిరగేసి కుట్టేశాను. వీధి వీధంతా చెప్పి వచ్చాను. చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పాను.

తనుండే రేవు పట్నం చూడాలని అప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. పెట్టె నాలుగుసార్లు సర్ది నాలుగుసార్లు విప్పాను. పడవల మీది బజారు, కొండెక్కే రైలు, అన్నీ చీటీ మీద రాసుకున్నాను.

ఒక్కటే మింగుడుపడలేదు. విమానం వద్దు, ఓడలోనే రమ్మంటుంది. పైలట్ తండ్రి ఓడలో వెళితే నలుగురూ ఏమనుకుంటారు?

పైగా మొన్న, "ఓడ దిగాక రేవులో నా కోసం వెతక్కు నాన్నా, నేనక్కడ ఉండను" అంది.

కొంపదీసి నాకు మొహం చాటేస్తోందా అనుకున్నాను. రెండు రోజులు కత్తెర పట్టుకుంటే ఒట్టు. ఇవాళ ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నిజం చెప్పమ్మా, ఉద్యోగం ఉందా, ఊడిందా?"

అవతల పకపకా నవ్వింది. "అయ్యో నా పిచ్చి నాన్నా! నేను విమానాలకి కాదు, ఓడలకి పైలట్‌ని. బయటి ఓడలకి మా రేవు లోతులు తెలియవు. సముద్రంలోనే ఓడెక్కి, దారి చూపించి ఒడ్డుకు చేర్చేది నేనే. నీ ఓడకి డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నా."

"మరి రేవులో ఉండనన్నావు?"

"రేవులో ఎదురుచూడను నాన్నా. సముద్రంలోకే ఎదురొస్తాను."

ఫోన్ పెట్టేసి ఇంటావిడను కేకేశాను. "ఏమే, నా చెప్పులేవీ? వీధంతా మళ్లీ మొదట్నుంచి చెప్పి రావాలి!"